మూగవి సగం ధర

"దానికి వాసన లేదా, మీకు రావట్లేదా?"

పెళ్ళయిన రెండో వానాకాలంలో భార్య ఆయన్ని అడిగిన ప్రశ్న ఇది. వంటగది గుమ్మంలో గొంతుక్కూర్చుని, ముందు బుట్ట పెట్టుకుని, అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో పుట్టగొడుగుల మట్టి దులుపుతోంది. అందులో ఒక తెల్లదాన్ని ఏరి పక్కన పెట్టి, "ఇది ఫినాయిల్ వాసనొస్తోందండీ" అంది. "దానికసలు వాసనే లేదు" అన్నారాయన. అప్పుడడిగింది.

ఆయన నవ్వేశారు. ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆమె ముక్కు దగ్గరికే తీసుకెళ్ళి, "ఇదిగో నీ ఫినాయిల్. మధ్యలో పాపం దాన్నెందుకంటావు?" అన్నారు. ఆమె ఆసుపత్రిలో నేలలు తుడిచే మనిషి. జోకు పేలింది. ఆమె కూడా నవ్వింది. ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు.

ఆయన్ని వీధంతా ముక్కుగారు అనేది. 'గారు' చేర్చడంలో గౌరవమెంతో వెటకారమూ అంతే. మలుపులో ఇస్త్రీ కొట్టు ఆయనది. పాత దుప్పటి పరిచిన బల్ల, పైన వేలాడే బల్బు, గోడకి కొట్టిన మేకులకి మూటలు. మూటలకి చీటీలుండేవి కావు. కాలరు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని ఎవరిదో చెప్పేసేవారు. డ్రైవర్ చొక్కా డీజిల్, టీచరమ్మ బట్టలు సుద్దముక్క, దర్జీ ఇంటివి మిషన్ నూనె. "మా ఆయన రాత్రి ఎక్కడున్నాడో కూడా చెప్పేస్తారా ముక్కుగారూ?" అని ఒకావిడ అడిగితే, "చెబుతాను గానీ ఇస్త్రీ రేటు వేరే ఉంటుందమ్మా" అన్నారట.

ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు అడవితల్లి ఒడి, సహజమైన జ్ఞానం వగైరా మాటలు దొర్లించడం రివాజు. అవేవీ ఇక్కడక్కర్లేదు. వానాకాలంలో బట్టలు ఆరవు, ఆరనివి ఇస్త్రీకి రావు, కొట్టు ఈగలు తోలుకుంటుంది. అందుకని ఆయన రైలు పట్టాల అవతలి గుట్ట ఎక్కేవారు. అక్కడ పుట్టగొడుగులు ఊరికే దొరుకుతాయి, ఇక్కడ అమ్ముడుపోతాయి.

ఎవరూ నేర్పలేదు. ముక్కు పెట్టి నేర్చుకున్నారు. పొద్దున్నే, టీ కూడా తాగకముందు వెళ్ళాలి. పైన టోపీ వాసన చూసి లాభం లేదు. విరిచి, కింద మడతలున్న వైపు వేళ్ళ మధ్య నలిపి చూడాలి. అప్పటికీ తేలకపోతే బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టి, కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చి, మూత కొంచెం ఎత్తి ఆ సందులోంచి పీల్చాలి. డబ్బాలో ఇరుక్కున్న వాసన దాచుకోలేదని ఆయన లెక్క. పుస్తకాల్లో వాటికి ఏ పేర్లున్నాయో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. పిండిమరది, ముల్లంగిది, తడిగోడది, చేపలబుట్టది అని వాసన పేరే పెట్టేసుకున్నారు. ఎలుక చచ్చినట్టు కంపుకొట్టేదొకటి ఉంది, దాన్ని 'అల్లుడు' అనేవారు. వస్తున్నాడని వీధి చివర్నుంచే తెలిసిపోతుందిట.

మొత్తమ్మీద ఆయనకి మూడు జాతులు. మాట్లాడేవి, గొణిగేవి, మూగవి.

మంచి ధర పలికేది సోంపుది. పచ్చికలో తెల్లగా, బొద్దుగా, కాడకి చిన్న ఉంగరంతో ఉంటుంది. విరిస్తే సోంపు గింజలు నమిలిన నోటి వాసన. దాని పక్కనే, అచ్చం దానిలాగే ఇంకొకటి మొలిచేది. విరిచినా, నలిపినా, డబ్బాలో పెట్టినా ఏ వాసనా లేదు. కాడ మొదట్లో గోటితో గీస్తే పసుపురంగు తేలి, కాసేపటికి మాసిపోయేది. అంతే. నోరులేని తమ్ముడని నిర్ణయించేశారు. తానే వండించుకుని తిన్నారు. ఏం కాలేదు. ఆయన కడుపు కూడా ఆయన ముక్కు లాంటిదే, ఫిర్యాదులు చేసేది కాదు. అప్పట్నుంచీ కొట్టు ముందు రెండు బుట్టలు. సోంపువి పూర్తి ధర, మూగవి సగం ధర. కొన్నవాళ్ళకి ఫినాయిల్ వాసన తగిలినా ఆసుపత్రి మనిషి ఇంటివి కదా అని సరిపెట్టుకునేవారు, కడుపులో తిప్పితే వాననీళ్ళ మీదికి నెట్టేవారు.

విషానికి వాసన ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలియనిదల్లా ఇంకోటి. వాసన రాకపోవడం, వాసన లేకపోవడం ఒకటి కాదు. అది ఆయనతో ఒక్క మనిషే అంది.

ఆమె మూగవి తినేది కాదు. వండి పెట్టేది. మూకుడు వేడెక్కగానే లేచి వంటగది కిటికీ తెరిచేది.

"వాన జల్లు లోపలికి కొడుతుంటే కిటికీ ఏమిటోయ్?"

"ఉక్కగా ఉందండీ."

ప్రతి వానాకాలం అదే మాట. అంత వానలో ఉక్కేమిటని ఆయనకి ఒక్కసారైనా తట్టలేదు. ఆ తడిసిన గిన్నెలగూడు, గోడ మీద కిటికీ కిందుగా పెచ్చులూడిన సున్నం ఇప్పుడు అన్నం తినేటప్పుడల్లా ఆయన కళ్ళకి ఆనుతున్నాయి.

మెస్సక్క సంగతి జరిగేసరికి వాళ్ళిద్దరికీ నడివయసు. మెస్సక్క అంటే ఆసుపత్రి వెనక సందులో మెస్సు నడిపే ఆవిడ. చుట్టరికం ఏమీ లేదు గానీ ముక్కుగారి భార్యని 'చెల్లీ' అనేది, ఆ లెక్కన ఆయన 'మరిదిగారు', ఆయనకి ఆవిడ 'వదిన'. అద్దె గదుల్లో ఉండే కుర్ర నర్సులు, డ్రైవర్లు, కొరియర్ వాళ్ళు అక్కడ తింటారు. ఆ ఏడు మూగవి విరగకాశాయి. "సగం ధరవి ఎన్నుంటే అన్నీ పంపెయ్ మరిదీ, రోజూ అదే పప్పా అని నన్ను కాల్చుకు తింటున్నారు" అంది మెస్సక్క. రెండు బుట్టలు వెళ్ళాయి. ఎప్పటిలాగే భార్య డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కూర్చుని దులిపింది.

ఆ రాత్రికే పది పన్నెండు మందికి వాంతులు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కానీ వార్డు నిండిపోయింది, సెలైన్లు ఎక్కాయి, నేలంతా పాడయింది. ఆ నేల తుడవాల్సిన వంతు ఆమెదే. బకెట్టూ గుడ్డా పట్టుకుని మంచం మంచం కిందా వంగి తుడిచింది.

తెల్లవారి వార్డు వరండాలో మెస్సక్క గొంతు లేచింది.

"మూత తియ్యగానే గుప్పుమంది ఫినాయిలు! గిన్నెలు సరిగ్గా కడగలేదేమోనని పనిపిల్లని తిట్టాను కూడా. ఇప్పుడర్థమైంది. ఏమ్మా చెల్లీ, ఆ చేతుల్తోనే దులిపావా?"

ఆమె గుడ్డ పిండుతూ తలెత్తి, కబురు విని వచ్చి నిలబడ్డ మొగుడి వైపు చూసింది. అందరూ ఆయన వైపే చూశారు. ముక్కుగారు కదా, తేల్చేది ఆయనే.

"చేతులు బాగా కడుక్కోమని ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నాను" అన్నారు ముక్కుగారు.

అబద్ధం చెబుతున్నానని ఆయన అనుకోలేదు. అక్కడే ఉంది అసలు బాధ. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు నిజం ఒప్పుకుని తేలికపడొచ్చు. ఆయన నిజంగానే నమ్మారు.

"అవునక్కా, నా చేతులే" అంది ఆమె. మళ్ళీ వంగి తుడుచుకుంది.

మాట సూపర్‌వైజర్ దాకా వెళ్ళింది. ఆసుపత్రి ఫినాయిల్ ఇంటికి పట్టుకెళ్తోందేమోనన్న అనుమానం కూడా దానికి తోడైంది. ఆమెని వార్డుల్లోంచి తీసేసి బయట ఆవరణ ఊడ్చే పనిలో వేశారు. జీతం తగ్గింది. ఫినాయిల్ సీసా ముట్టుకోవాల్సిన అవసరం ఇక లేకుండా పోయింది. పుట్టగొడుగుల బుట్ట కూడా ఆమె మళ్ళీ ముట్టుకోలేదు.

మరుసటి వానాకాలానికి వీధి అన్నీ మర్చిపోయింది. తప్పు ఎవరిదో తేలిపోయింది కాబట్టి మర్చిపోవడం సులువే. కొనడానికొచ్చినవాళ్ళు బుట్ట మీదికి వంగుతూ అడిగేవారు. "మీ ఆవిడ ముట్టుకోలేదు కదా?"

"లేదు లేదు, అన్నీ నా చేతుల మీదుగానే."

కొట్టుకీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క పలచటి తలుపు. లోపల ఆమె గిన్నెలు సర్దుకునే చప్పుడు ఈ మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

ఒకరోజు పొద్దున దర్జీ ఇంట్లో సగం ధరవి ఇచ్చారు. ఇంకా మెట్లు దిగలేదు, దర్జీ తల్లి చేట పట్టుకుని వెనకే వచ్చింది. ముసలావిడ, నోరు పెద్దది.

"ఏంటయ్యా ఇవి? ఆసుపత్రిని ఎత్తుకొచ్చి నా ఇంట్లో పెట్టావా?"

"ఏమైంది పిన్నీ?"

"ఏమవడమేంటి? ఫినాయిల్ కంపు! మళ్ళీ ఆవిడచేత దులిపించావా?"

ముక్కుగారు చేటలోంచి ఒకటి తీసి విరిచారు. నలిపారు. ముక్కులో దూర్చుకున్నంత పని చేశారు. ఏమీ లేదు. తన చేత్తో కోసినదే, తన చేత్తో దులిపినదే. ఏడాదిగా ఆ ఇంట్లో ఫినాయిల్ అన్నదే లేదు.

దర్జీ మిషన్ ఆపి వాసన చూసి, మొహం అటు తిప్పుకున్నాడు. "ఫినాయిలే అన్నా."

పాలవాడు సైకిల్ దిగకుండానే అన్నాడు. "సిరా వాసన. స్కూల్లో చొక్కా మీద పోసుకునేవాళ్ళం చూడు, అదీ."

టీచరమ్మ జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "దూరంగా పెట్టండి బాబూ" అంది.

చివరికి మంగలి కొట్టులోకి వెళ్ళారు. సగం గడ్డంతో ఉన్న మనిషిని అలాగే కూర్చోబెట్టి, మంగలి తీరిగ్గా వాసన చూశాడు. "నాకేం రావట్లేదే. దీనికి వాసనుందా?"

వీధి మొత్తానికి తనలాంటివాడు ఒక్కడు దొరికాడు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి నురగ మొహంతోనే ముక్కు మూసుకుని ఉన్నాడు.

ముక్కుగారు ఇంటికి వచ్చేసరికి ఆమె డ్యూటీకి చీపురు కట్ట సరిచేసుకుంటోంది. ఆయన చెయ్యి చాపారు.

"ఇదొక్కసారి చూడు. నీకేమొస్తోంది?"

ఆమె వంగలేదు. "మీరు సందులో ఉండగానే వచ్చింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఇంతకంటే బుద్ధితక్కువ ప్రశ్న ఆయన జీవితంలో వేసి ఉండరు.

"చెప్పాను. ఇక్కడే కూర్చుని చెప్పాను."

"అది ఎప్పటి మాటే! మళ్ళీ చెప్పకూడదా?"

"చెబితే మళ్ళీ నా చేతులే పట్టుకుని వాసన చూపించేవారు." కట్టకి పురి బిగించి లేచింది. "అందరూ మీ ముక్కుని చూసి కొంటున్నారు. అది తప్పని నేనే అంటే ఇల్లెలా గడుస్తుంది? నా చేతులంటే నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటారు. ఊరుకున్నారు కూడానూ."

తలుపు దగ్గర ఆగింది. "మీరు కూడా నవ్వుకుని ఊరుకుంటారనుకున్నాను. అంతమందిలో మొత్తుకుంటున్నానంటారనుకోలేదు."

ఆయన ఆ పూటే గుట్ట మీంచి తెచ్చినవన్నీ మురుగుకాలవలో పారబోసి మెస్సుకి వెళ్ళారు. మెస్సక్క ప్లేట్లు లెక్కపెట్టుకుంటోంది. ఎలా మొదలుపెట్టాలో తెలీక ఉన్నదున్నట్టు చెప్పేశారు. తప్పు చేతులది కాదు, పుట్టగొడుగులది. దానికి వాసనుంది, తనకే రాదు.

మెస్సక్క ముక్కున వేలేసుకుంది. "నీకా? నీకు రాదా?"

"నాకే వదినా. ఆ రోజు ఉన్నవాళ్ళందరికీ నువ్వొకసారి చెప్పాలి."

"ఎవరికి చెప్పను మరిదీ? ఆ నర్సుపిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళారు, కొరియర్ వాళ్ళు ఖాళీ చేశారు. ఇప్పుడున్నవాళ్ళకి ఆ సంగతే తెలీదు. తెలియనివాళ్ళకి మొదట్నుంచీ చెప్పి, ఆపైన అది కాదని చెప్పనా?"

ఆయన లేచి వచ్చేస్తుంటే ఆవిడే వెనక్కి పిలిచింది.

"అయితే చెల్లి నెలనెలా తెచ్చి ఇస్తున్న డబ్బుల మాటేంటి? అప్పుడు వాళ్ళందరి మందుల ఖర్చూ నేనే పెట్టుకున్నానుగా. నా చేతుల వల్ల జరిగింది అక్కా, నేనే తీరుస్తానంది. నీకు తెలీదూ?"

తెలీదు. ఆమె జీతం తగ్గిందని తెలుసు. తగ్గింది ఎంతో, ఇంటికి వస్తున్నది ఎంతో ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఆసుపత్రికీ వెళ్ళారు. సూపర్‌వైజర్ మారిపోయాడు. కొత్తాయన విసుగ్గా విని, "వార్డుల్లో చేసేదా? ఆవిడ ఆవరణ మనిషి కదండీ" అన్నాడు. కాగితాల్లో అలాగే ఉంది. అలాగే ఉండిపోయింది.

ఇది తన తప్పు తెలుసుకుని మనిషి ఎదిగిన కథ కాదు. ఆయన తెలుసుకున్నారు, అంతే. ఎదగడానికి ఆ ఇంట్లో చోటు లేదు. ఆ తర్వాతి వానల్లో, "నువ్వు వాసన చూడు, నేను కోస్తాను, ఇద్దరం వెళ్దాం రా" అని ఆమెని గుట్ట మీదికి పిలిచారు. "నాకెందుకండీ ఇప్పుడవన్నీ" అంది. కోపంగా అని ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది. మళ్ళీ పిలవలేదు, తనొక్కరే అయినా వెళ్ళలేదు. బిస్కెట్ డబ్బాలో ఇప్పుడు ఇస్త్రీ చొక్కాలకి ఊడిన గుండీలు ఉంటాయి. వీధి మాత్రం ఆయన్ని ముక్కుగారనే పిలుస్తుంది. వద్దని ఆయన చాలామందికి చెప్పి చూశారు. వాళ్ళు అది వినయమనుకున్నారు.

వంట మొదలయ్యేవేళకి ఇప్పుడు ఆయనే లేచి కిటికీ తెరుస్తున్నారు. ఆమె ఒక్కోసారి జల్లు కొడితే వచ్చి మూసేస్తుంది.

మెస్సు బాకీ ఇస్త్రీ డబ్బుల్లోంచి ఆయనే కడుతున్నారు. ఇంకా పద్నాలుగు వందలు ఇవ్వాలి.