ఒకే లెక్క మీద ఏడు టిక్కులు

నిన్న పొద్దున ఇస్త్రీ పెట్టె అడుగు బట్టకు పట్టుకుంటుంటే, కొవ్వొత్తి ముక్కను పాత గుడ్డలో చుట్టి దాని మీద రుద్దాను. కాలీకాలని మైనం వాసన గుప్పుమంది. దానితోపాటే సునంద మేడమ్ మీద నా పాత విసుగూ లేచింది. ఆమె పోయి రెండేళ్ళయింది. విసుగు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మేడమ్ గోదావరి వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు మంచుకొండల మీద జారే పందేల్లో పాల్గొనేదట. మోకాలు దెబ్బతిన్నాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ కిరాయికి తీసుకుని పిల్లలకు ఆ విద్యే నేర్పేది. ఫ్రిజ్‌లో తప్ప మంచు ఎరగని పిల్లలు వాళ్ళు. ఆదివారాలు నాదర్‌గుల్ దారిలో చక్రాల బూట్లు తొడిగించి, వరసగా పెట్టిన ప్లాస్టిక్ డబ్బాల మధ్య నుంచి మెలికలు తిప్పించేది. చలికాలంలో ఉత్తరాదికి తీసుకుపోయి అసలు మంచు మీద దింపేది. మా ఇస్త్రీ బండి ఆ సెల్లార్‌కు ఎదురుగానే ఉండేది. ఒకరోజు అడుగు మాడిన పొడవాటి పలక పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. స్కీ అంటే అదేనట. అడుగున మైనం కరిగించి ఇస్త్రీ పెట్టెతో పూస్తేనే మంచు మీద బాగా జారుతుందట.

"వేడెక్కువై మాడ్చేశాను. నీకు వేడి తెలుస్తుందా అమ్మా?"

"పోచంపల్లి పిల్లను మేడం. పట్టుచీరకెంత, జీన్స్ పాంటుకెంత, చెయ్యి పెట్టకుండనే చెప్త."

అలా శనివారం సాయంత్రాలు స్కీలకు ఇస్త్రీ చేసే పనిలో చేరాను. మంచు లేని ఊళ్ళో వారం వారం ఈ పూత ఎందుకంటే "ఎండిపోతాయి" అనేది, అక్కడికి నేనేదో మొక్కలకు నీళ్ళు పోయనన్నట్టు. పూసింది చల్లారాక గీకించేది. గీకింది నచ్చకపోతే మళ్ళీ పూయించేది.

పైగా నాకు ఇంకో పని అంటగట్టింది. మంచుకు పోవాలంటే పిల్లలకు బడి సెలవివ్వాలి. చదువులో వెనకబడితే బడివాళ్ళు ఇవ్వరు. అందుకని ప్రతి పిల్లా ఆ వారం లెక్కల హోంవర్క్ నాకు చూపించాలి, నేను టిక్కు పెట్టాకే వాళ్ళ స్కీకి మైనం. "తప్పొప్పులు నీకెందుకు? పైన తేదీ, కింద జవాబు ఉన్నాయేమో చూడు, చాలు" అంది. నాకు చదువొచ్చా అని ఆమె అడగలేదు, అక్షరం ముక్క రాదని నేను చెప్పలేదు. మేడమ్ ముందు చిన్నబోవడం ఇష్టం లేకపోయింది. పేజీ నిండుగా ఉందా, కొట్టివేతలు లేవా అని చూసి, ఇస్త్రీ చొక్కా మడత చూసినట్టే చూసి, టిక్కు పెట్టేదాన్ని.

హర్షిణి అని ఎనిమిదో తరగతి పిల్ల ఉండేది. అందరిలోకీ వేగం దానిదే. ఆ చలికాలం మొదటిసారి పెద్ద పందెంలో దిగాల్సింది. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలు తప్పింది. సెలవు ఇచ్చేది లేదని బడివాళ్ళు చెప్పేశారు. ఆ శనివారం మేడమ్ దాని నోటుపుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది.

"నర్సమ్మా, ఈ లెక్క నీకంత నచ్చిందా? ఏడుసార్లు టిక్కు పెట్టావు."

ఒకే పేజీ. పక్కపక్కనే ఏడు టిక్కులు. వారం వారం అట్ట మార్చి, పేజీ మాత్రం అదే చూపించింది పిల్ల. ముందే ఉన్న టిక్కులేందని నేనడిగితే టీచర్ పెట్టిందని చెప్పింది. నా చేతి గీత నేనే గుర్తుపట్టలేదు.

"నాకు చదువు రాదు మేడం."

"ఇన్ని నెలలుగా ఎందుకు చెప్పలేదు?"

"మీరడిగిన్రా? వేడి తెల్సా అన్నరు, తెల్సన్న."

మేడమ్ నెత్తి పట్టుకుని స్కీల పెట్టె మీద కూలబడింది. హర్షిణి ఏడుస్తూ, "సారీ మేడం, నాన్న బడికొచ్చి మాట్లాడ్తడు" అంది.

"ఏం మాట్లాడతాడు? కూతురు మోసం చేసిందనా, కోచ్ గుడ్డిదనా? నువ్వు రావడం లేదు. తప్పు ముగ్గురిదీ. నేనూ వెళ్ళను."

అన్నంత పనీ చేసింది. మిగతా పిల్లలను ఉత్తరాదిలోని పాత స్నేహితురాలికి అప్పగించి, ఆ చలికాలమంతా సెల్లార్‌లో కూర్చుంది. ఆ పిల్లకు లెక్కలు తను చెప్పేది. నాకు అక్షరాలు ఆ పిల్ల చెప్పాలి. పలక కొనుక్కుంటానంటే వినలేదు. స్కీ అడుగు నల్లగా ఉంటుంది. దాని మీద కరిగిన మైనం చుక్కలు చుక్కలుగా కారుస్తూ 'అ' రాయమంది. రాసింది సరిగా ఉంటే ఇస్త్రీతో పరిచి చెరిపేయాలి, లేకపోతే గీకి మళ్ళీ రాయాలి. మనవరాలిని ఎత్తుకునే వయసులో ఇదేం పీడ అనుకున్నాను.

"ఆంటీ, గది 'అ' కాదు, జిలేబి."

"నువ్వు జర మూస్కో. నీ వల్లనే గీ తిప్పలు."

"ఇద్దరూ మూసుకోండి. మైనం గడ్డకడుతోంది" అనేది మేడమ్, తలెత్తకుండా.

మరుసటి ఏడు మంచుకు బయల్దేరే రోజు ఆఖరి నోటుపుస్తకం హర్షిణిదే. రైలుకు వేళవుతోంది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. "ఆంటీ, జర జల్ది" అని కాళ్ళు కొట్టుకుంటోంది పిల్ల. వాళ్ళ నాన్న బయట హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మేడమ్ గుమ్మం దగ్గర కర్ర ఆనించి నిలబడింది. తొందరపెట్టలేదు.

"ఐదో లెక్కకు జవాబు లేదు" అన్నాను.

హర్షిణి మేడమ్ వైపు చూసింది. మేడమ్ నా వైపు చూసింది. "ఆవిడ లేదంటే లేదు. కూర్చుని రాయి" అంది. అది రాసేదాకా ఇస్త్రీ పెట్టె స్విచ్ తీసేశాను. రాశాక కింద టిక్కు పెట్టబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "టిక్కు ఎవరైనా పెడతారు. పేరు రాయి." రాసేసరికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. అయినా రైలు అందుకున్నారు. హర్షిణి ఆ పందెంలో చివరిదాకా పడకుండా దిగింది.

ఇప్పుడు అపార్ట్‌మెంట్‌వాళ్ళు సంతకానికి ఏ కాగితం తెచ్చినా మొదటి నుంచి చదువుతాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. మొన్న వాచ్‌మన్ "ఒక టిక్కు కొట్టి ఇచ్చెయ్ పెద్దమ్మా" అన్నాడు. కుర్చీ చూపించాను. చదవడం అయ్యాక కింద నా పేరు రాశాను, మైనం ఒక్కో చుక్కా కార్చినట్టు, ఆగి ఆగి.