తోటి మేస్త్రీ

ఈ అరబ్బు దేశంలో, అల్ హైల్‌లో నా కొట్టు గోడ కడుతున్న మేస్త్రీ సగంలో వెళ్లిపోతే, మిగతాది కట్టడానికి జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన వచ్చాడు. గోడ నిలువు చూసే తూకం గుండు దారంతో వేలాడదీసి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"వంకరుందా?" అని ఆశగా అడిగాను. కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. పాతాయన తప్పు దొరికితే బేరానికి పనికొస్తుందని నా ఎత్తు.

"తోటి మేస్త్రీని ఏమనొద్దు సేఠ్. పైవరసల నేను సర్దుత."

గోడ పూర్తయ్యాక, మా ఇంటిల్లిపాదీ ఇటలీలో పీసా చూడబోతున్నామని విని, ఆ గుండునే నా చేతిలో పెట్టాడు.

"ఒరిగిన గోపురం కాడ అందరు నవ్వుకుంట ఫోటోలు దిగుతరట. కట్టినాయన ఎంత కుమిలిండో ఎవలన్న అడిగిండ్రా? నా బదులు జర చూసి రా సేఠ్."

అక్కడ బొమ్మ గోపురానికి అరగంట బేరమాడి కొన్నాను. పక్క కొట్లో అదే ఇంకా చవక. తలదించుకుని వచ్చి, గోపురానికి ఎదురుగా గుండు వేలాడదీసి ఒక కన్ను మూశాను. కింది అంతస్తులు ఒరిగిన వైపు కాకుండా, పై అంతస్తులు కొద్దిగా వెనక్కి, నిటారు వైపు వంగి ఉన్నాయి. తర్వాత వచ్చినవాళ్లెవరో సర్దారు.

నేను తిరిగొచ్చేసరికి ఆయన పనిచేసే కంపెనీ, సైట్ పని అయిపోయిందని ఆయన్ను ఇంటికి పంపేసింది. ఇక్కడి నంబరు పలకడం లేదు. రూమ్‌వాళ్లకు ఊరి పేరు తెలియదు.

గుండు నా గల్లాపెట్టె పక్కనే వేలాడుతోంది. జగిత్యాల యాస వినిపిస్తే చాలు, సరుకు సంగతి మరిచి ఆయన్ను గురించే అడుగుతున్నాను. దొరికితే బేరం లేకుండా ఒక్క మాట చెప్పాలి.

"పైవరసల సర్దిండ్రు అన్నా."