జేబులో ఫ్లాపీ, కోటపాడులో కంప్యూటర్

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, చోడవరంలో జావా నేర్చుకున్నవాడి గౌరవం పెళ్లిలో తోడిపెళ్లికొడుకు గౌరవం లాంటిది. (ఎందుకున్నాడో ఎవరికీ తెలియదు, కాఫీ మాత్రం అందుతుంది.) నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్‌లో వైరస్ భయంతో మా మాస్టారు ప్రతి శనివారం హార్డ్ డిస్కు తుడిచేసేవారు. అందుకని ఎవరి ఫైళ్లు వాళ్ల ఫ్లాపీలో, ఎవరి ఫ్లాపీ వాళ్ల చొక్కా జేబులో ఉండేవి. కంప్యూటర్ ముందు కూర్చోగానే ఫ్లాపీ దూర్చడం, లేచేటప్పుడు లాక్కోవడం మాకు చెప్పులు విడిచి తొడుక్కున్నంత అలవాటు.

నా మొదటి ఘనకార్యం కె.కోటపాడులో ఒక కల్యాణ మండపానికి చేసిన వెబ్ అప్లికేషన్. ఊళ్లో ఇంటర్నెట్ లేదు. అది చిన్న విషయమని మాస్టారు కొట్టిపారేశారు. ఏ ముహూర్తానికి మండపం ఖాళీగా ఉందో తెర మీద కనబడాలి. బుకింగులు ఎక్కడున్నాయో, ప్రోగ్రాము లేచేటప్పుడు ఒక్కసారి దానికి చెప్పే చిన్న సెట్టింగుల ఫైలు ఒకటుంటుంది. దాన్ని నాకు తెలిసిన అత్యంత భద్రమైన చోట, అంటే నా ఫ్లాపీలో పెట్టి, ప్రోగ్రాముకీ ఆ చిరునామాయే ఇచ్చి, హాయిగా మర్చిపోయాను.

ప్రారంభం బ్రహ్మాండంగా జరిగింది. సాయంత్రం కరెంటు పోయింది. మర్నాడు మండపం యజమాని అయ్యగారి ఫోను: "బాబూ, ఇది లెగట్లేదు. లగ్గాలొచ్చేస్తన్నాయి, బేగి రా!"

బస్సెక్కి వెళ్లి, అలవాటుగా ఫ్లాపీ దూర్చి మీట నొక్కాను. లేచింది.

"ఏటి చేసేవు బాబూ?"

"ఏమీ చెయ్యలేదండీ." నిజమే చెప్పాను. ఆయన దాన్ని వినయం అనుకున్నారు.

ఆ తరువాత కరెంటు పోయినప్పుడల్లా నాకు పిలుపే. (కోటపాడు కరెంటు గురించి విడిగా చెప్పనక్కర్లేదు.) "ఈ గుంటడి చెయ్యి మంచిది. కూకో బాబూ, పెసరట్టేస్తన్నాను," అనేవారు అయ్యగారి భార్య అమ్మగారు. మాస్టారికి మాత్రం నా చేతిమీద అంత గురి లేదు. "ఒరే, ఇంకొక్క ఫోనొచ్చిందంటే ఆ మండపంలోనే వడ్డనకి ఉండిపో. ఇక్కడికి రాకు!"

ఫోను వచ్చింది. వెళ్లేసరికి ఇద్దరు పెళ్లికూతుళ్ల తండ్రులు ఒకే ముహూర్తం కోసం కంప్యూటర్ ముందు మీసాలు దువ్వుతున్నారు. ఆ తొందరలో నేరుగా నా మంచి చెయ్యి మీట మీద వేశాను. యంత్రం గర్రుమని ఊరుకుంది. మళ్లీ వేశాను. మళ్లీ గర్రు.

"చేతికేటయిందిరా?" అన్నారు అయ్యగారు.

"దిష్టి తగిలుంటాది. అందరి కళ్లూ ఈడి మీదే గదా!" అంటూ అమ్మగారు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నా తల చుట్టూ తిప్పసాగారు. కదలడానికి లేక ఆ గర్రు వింటూ కూర్చున్నాను. అది వస్తున్నది ఖాళీగా ఉన్న ఫ్లాపీ డ్రైవు నుంచి. చెయ్యి జేబుకి పోయింది. జేబూ ఖాళీ. ఫ్లాపీ చోడవరంలో, నిన్నటి చొక్కాలో ఉంది. సెట్టింగుల ఫైలు ఆ ఫ్లాపీలో ఉంది.

ఫైలంటే నాలుగు లైన్లే కదా. గుర్తున్నంత మేరకు మళ్లీ రాసి, ఈసారి ప్రోగ్రాము సొంత ఇంట్లో, వెబ్-ఇన్ఫ్ ఫోల్డరు లోపల పెట్టి, నీ వస్తువు నీ దగ్గరే వెతుక్కోమన్నాను. లేచింది. ఆపి, నేను దూరంగా నిలబడి, అయ్యగారి చేత నొక్కించాను. అప్పుడూ లేచింది. ఒక తండ్రికి ఆ ముహూర్తం, రెండో ఆయనకి తరువాతిది దొరికాయి.

"సూసేరా, దిష్టి పోయింది," అన్నారు అమ్మగారు.

ఉద్యోగం నిలిచింది. ఫోన్లు ఆగిపోయాయి. కొన్నాళ్లకి ఉండబట్టలేక నేనే వెళ్లాను. "కరెంటు పోయిందట కదండీ?"

"పోయింది బాబూ," అన్నారు అమ్మగారు, కాస్త దిగులుగా. "మళ్లీ అదే లెగిసిపోయింది."

ఆనాటి నుంచి ఏ ఫైలు ఎక్కడుండాలో అక్కడే పెడుతున్నాను. అన్నీ వాటంతట అవే లేస్తున్నాయి, నన్ను పిలిచేవాళ్లు లేరు. ఎవరైనా కోటపాడు వైపు కరెంటు పోయిందంటే మాత్రం, ఇన్నేళ్ల తరువాత కూడా, నాకు కొంచెం ఆకలేస్తుంది.