చిట్టెమ్మ పేరు లేని పుస్తకం

హిమబిందు జీన్ తయారుచేస్తోందంటే మొదట ఆమె తండ్రి అర్జునరావు కూడా ప్యాంటు సంగతే అనుకున్నాడు. తానే బొమ్మలు వేసి, తానే మాటలు రాసి, ద్వారకా నగర్‌లో జిరాక్స్ తీయించి, మధ్యలో పిన్ను కొట్టి, తానే పంచుకునే చిన్న పుస్తకాన్ని ఈ కాలం పిల్లలు అలా అంటారు. పగలు బడిలో డ్రాయింగ్ చెబుతుంది, సెలవుల్లో అపార్ట్‌మెంట్ల గోడలకు బొమ్మలు వేస్తుంది. ఒకసారి ఆమె వేసిన రొయ్యను చూసి సీతమ్మధార పిల్లులన్నీ ఆ గోడ కిందే కాపురం పెట్టాయి.

కొత్త పుస్తకం చిట్టెమ్మ మీద. సందు మొగలో చేపలమ్మే చిట్టెమ్మ ఏడాదిగా హిమబిందును పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మలు వేసుకోనిచ్చింది. ఆమె నోటి మాటను ఉన్నదున్నట్టు రాసింది హిమబిందు: సేపలు, సూడు, నాను, ఏటి. తీరా పుస్తకం చేతికొచ్చాక భయం పట్టుకుంది. సినిమాలో ఈ యాస వినిపిస్తే హాలంతా నవ్వుతుంది. తానేమో గోదావరి నుంచి స్టీల్‌ప్లాంటుకు వచ్చినవాళ్ళ పిల్ల. వెక్కిరించిందనుకుంటే చిట్టెమ్మ ఇక పక్కన కూర్చోనిస్తుందా? చిట్టెమ్మ చేపల బుట్ట దాకా నడుస్తుంటే ఆమె గుండె చప్పుడుకు హార్బరులో ఓడలు బదులు కూశాయి.

చిట్టెమ్మ చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. పేజీలు తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

“బొమ్మలు బాగానే ఏసినావు పాపా. నా పేరెట్టనేదేటి?”

“ప్రతి పేజీలో ఉంది పిన్నీ. అట్ట మీదే ఉంది కదా, సిట్టెమ్మ అని.”

“నాకు సదువు రాదు. అయినా పొదుపు సంఘంలో సంతకానికి నేర్సుకున్న నా పేరు నాకు తెలీదేటి? ఇది సిట్టెమ్మ కాదు.”

“సిట్టెమ్మే పిన్నీ.”

“కాదంటన్నాను గదా. సిట్టెమ్మ.”

చేప తలకాయ కోసం కాచుకున్న కాకి కూడా తల అటూ ఇటూ తిప్పింది. చిట్టెమ్మ విసుక్కుని ఎదురుగా చికెన్ కొట్టు బోర్డు వైపు వేలు చూపింది.

“అద్గో, ఆ కోళ్ళ కొట్టు మీద మొదటి అచ్చరం. అదీ నాది.”

హిమబిందు బోర్డు మీది ‘చి’ని, అట్ట మీది ‘సి’ని మార్చి మార్చి చూసింది. యాసను నిలబెడుతున్నాననుకుని పేరును కూడా యాసలోకి దించేసింది.

“మరి మిగతా మాటలు పిన్నీ?”

“మాటకేటి, నోరెలా తిరిగితే అలా రాసుకో. పేరలా కాదు. సెయ్యి నొప్పెట్టీదాకా పలక మీద దిద్దినాను. ఇయ్యి ఇంకెవులికిచ్చినావు?”

“నిన్న దువ్వాడ కాలేజీలో కొన్ని ఇచ్చేశాను.”

చిట్టెమ్మ తల దించుకుని చేపకు పొలుసు తీయడం మొదలుపెట్టింది. హిమబిందు కూర్చోడానికి ఎప్పుడూ జరిపే పీటను ఇవాళ జరపలేదు.

“ఎల్లి తే. తెచ్చినాక కూకుందువుగాని.”

హిమబిందు దువ్వాడ బస్సెక్కింది. మిగిలిన పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని, కుదుపుల మధ్య పేరులోని ఒక్కో ‘సి’ని నల్ల సిరాతో ‘చి’గా దిద్దుతోంది. కాలేజీ పిల్లలు వాటిని ఇంకెవరికైనా ఇచ్చేశారేమో. చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఫోను, నిన్న పుస్తకాలు తీసుకున్నవాళ్ళ దగ్గర మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.