సుబ్బారావు కోసం గీసిన తెర

1988 వేసవిలో నన్ను నూజివీడు వేశారు. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్ సంస్థలో సిస్టమ్స్ అనలిస్టుని. హోదాలో ప్రోగ్రామర్‌కి ఒక మెట్టు పైన, ప్రాజెక్ట్ లీడర్‌కి ఒక మెట్టు కింద. ప్రోగ్రామ్ రాసేది ప్రోగ్రామర్. ఎవరికి ఏం కావాలో కనుక్కుని, తెర మీద ఏది ఎక్కడ కనపడాలో గీసివ్వడం అనలిస్టు పని. సంస్థ పేరు ఎందుకు లేండి, ఇప్పుడది లేదు కూడా.

నూజివీడులో ఒక మామిడి సంఘం వాళ్ల యార్డులో కంప్యూటర్ పెట్టి, ఆ రోజు పలికిన ధరలు వరండాలో ఒక పెద్ద తెర మీద తెలుగులో చూపించాలి. ఇదీ ప్రాజెక్టు. కంప్యూటర్ తెలుగు రాస్తుందంటేనే జనం ముక్కున వేలేసుకునే రోజులవి. అందులోనూ ఒక ఆడపిల్ల వచ్చి దాన్ని ఆడిస్తుందంటే యార్డులో పని లేనివాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లేవాళ్లు.

మా ప్రాజెక్ట్ లీడర్ మూర్తిగారు. తెర గీసే ముందు మనిషిని గీయాలన్నది ఆయన పద్ధతి. అంటే, దాన్ని వాడబోయేవాళ్లను కలిసి మాట్లాడి, ఆ మాటలన్నీ కలిపి ఒక ఊహామనిషిని తయారు చేయాలి. అతనికి పేరు, ఊరు, వయసు, చదువు, ఆశ, భయం అన్నీ రాయాలి. జాతకచక్రం ఒక్కటే తక్కువ. ఆ తర్వాత పనిలో ఏ అనుమానం వచ్చినా ‘దీనికి వాడేమంటాడు?’ అని ఆ కాగితాన్ని అడగాలి. మేం వీళ్లని కాగితం మనుషులనేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత వెబ్‌సైట్లు వచ్చాక, కుర్రవాళ్లు దీనికే యూజర్ పర్సోనా అని పేరు పెట్టి, కొత్తగా కనిపెట్టినట్టు నాకే పాఠం చెప్పారు. బుద్ధిగా కూర్చుని విన్నాను.

నూజివీడు కోసం మేం పుట్టించిన కాగితం మనిషి పేరు సుబ్బారావు. ఊరు రెడ్డిగూడెం, మామిడి రైతు, యాభై దాటిన వయసు. ఎస్సెల్సీ చదివాడు, రోజూ పేపర్ చూస్తాడు. ఆశ, తన కాయకి న్యాయమైన ధర. భయం, వర్తకుడు మోసం చేస్తాడేమోనని.

ఆ భయం మేం ఊరికే రాయలేదు. ఆ యార్డులో బేరం నోటితో జరగదు. కమిషన్ వర్తకుడు, కాయ కొనేవాడు చేతులు కలిపి పైన తువాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. ఈయన తల ఊపితే ఆయన తల అడ్డంగా ఆడిస్తాడు, మళ్లీ వేళ్లు కదులుతాయి. చుట్టూ నిలబడ్డవాళ్లకి వాళ్ల మొహాలు తప్ప ఏమీ కనపడవు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి ఏడాది కష్టాన్ని గుడ్డ కింద పెట్టి అమ్మడమేమిటి?

సుబ్బారావుకి ప్రాణం పోసింది మాత్రం చలపతిరావుగారు. నూజివీడులో మేడ, రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి తోటలు, సంఘంలో పెద్ద మాట. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబు చెప్పారు. “రైతుకి రేటు తెలియాలమ్మా. తువాలు కింద ఏం పలికిందో పదిమందికీ తెలియాలి” అన్నారు. ఆ మాట దాదాపు అలాగే సుబ్బారావు కాగితం మీదికి ఎక్కింది. ఇంత స్పష్టంగా మాట్లాడే మనిషి దొరకడం మా వృత్తిలో అదృష్టం.

వర్తకుల్లో విశ్వనాథంగారిని కలిశాం. తాతల నాటి నుంచీ మామిడి వర్తకం. ఆయన మా గీతలన్నీ తిప్పి తిప్పి చూసి, “రేటు చూపించండమ్మా, కాదన్ను. పక్కన పేరెందుకు? పేరు పడితే కొంపలు మునుగుతాయి” అన్నారు. ఎందుకని అడిగితే మాట దాటేసి, పెద్ద రసాలు కోయించి పెట్టారు. బయటికొచ్చాక మూర్తిగారు, దొంగకి దీపం నచ్చుతుందా అన్నారు. నాకూ అదే అనిపించింది.

ఇక తెరలో ప్రతి నిర్ణయమూ సుబ్బారావుదే. అతను తన ధర వెతుక్కోకుండా కనపడాలి కాబట్టి అమ్మినవాళ్ల పేరు, ఊరు, కాయ రకం, ధర వరసగా వచ్చాయి. గర్వపడాలి కాబట్టి అన్నిటికంటే ఎక్కువ పలికిన ధర అందరికంటే పైన, వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వర్తకులు తర్వాత వచ్చి ధర మార్పించకూడదు కాబట్టి, ఒకసారి ఎక్కించిన వివరం సాయంత్రం లెక్క ముగిసేదాకా ఎవరూ చెరపలేరు. దుకాణాల గుమస్తాలు అమ్మకం కాగానే చీటీ తెచ్చి ఇవ్వాలి, మా ఆపరేటర్ ఎక్కించాలి. కంప్యూటర్ తప్పు చెప్పదని సంఘం వాళ్లు ఆటోకి మైకు కట్టి ఊరంతా చెప్పించారు.

ప్రారంభానికి ముందు రోజు తెర బిగిస్తుంటే వరండా మెట్ల మీద ఒకావిడ కూర్చుని చూస్తోంది. పేరు మాలక్ష్మి. భర్త నాంచారయ్యతో కలిసి రెడ్డిగూడెం తోటల్లో కూలికి, కాపలాకి వెళ్లే మనిషి. రెండేళ్లుగా వాళ్లే ఒక చిన్న తోట గుత్తకి తీసుకుంటున్నారు. గుత్తంటే, పూత మీద ఉన్నప్పుడే తోట యజమానికి ఇంతని ముట్టజెప్పి, ఆపైన వచ్చిన కాయంతా తాము అమ్ముకోవడం. గాలివాన వస్తే పోయేదీ వాళ్లదే. “దీంట్లో సినిమా వెయ్యరా అమ్మగారూ?” అని అడిగింది. ధరలే వేస్తామంటే, “ధరలు చూట్టానికి టీవీ ఎందుకమ్మా” అని నవ్వి వెళ్లిపోయింది.

మర్నాడు యార్డు పండగలా ఉంది. బాపులపాడు, చింతలపూడి వైపు నుంచి కూడా కాయ దిగింది. కొబ్బరికాయ కొట్టారు, తెర వెలిగింది. చీటీలు రావడం మొదలైంది. పచ్చని తెలుగు అక్షరాలు ఒక్కో వరసే కనపడుతుంటే జనం చప్పట్లు. నా గీత అలా కళ్ల ముందు కదులుతుంటే నాకూ ఒళ్లు పులకరించింది. అబద్ధమెందుకు?

కాసేపటికి విశ్వనాథంగారి దుకాణం చీటీ వచ్చింది. గుమస్తా తటపటాయిస్తూనే ఇచ్చాడు. ఆపరేటర్ ఎక్కించాడు. వరసలన్నీ ఒక మెట్టు కిందికి జరిగి, పైన కొత్త వరస వెలుగుతూ ఆరుతూ నిలబడింది. ‘మాలక్ష్మి, రెడ్డిగూడెం, బంగినపల్లి.’ ఆ రోజుకి అదే ఎక్కువ ధర. ఎవరో గట్టిగా చదివారు. ఈలలు, చప్పట్లు. నేను సంబరంగా ఆవిడ కోసం చూశాను.

మాలక్ష్మి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆవిడ జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. “అమ్మగారూ, నా పేరు తీసెయ్యండమ్మా. మీకు దణ్ణం పెడతాను, ముందు తీసెయ్యండి” అంది. నాకేమీ అర్థం కాలేదు. ఎక్కువ ధర వచ్చినందుకు ఏడ్చే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. తీయడానికి కుదరదని చెప్పబోతుండగానే జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. చలపతిరావుగారు కళ్లజోడు సవరించుకుంటూ తెర ముందుకొచ్చారు. నిదానంగా చదివి ఆవిడ వైపు తిరిగారు.

“ఏమే మాలక్ష్మీ, పూతంతా మంచుకి మాడిపోయిందన్నావుగా?” అని నవ్వారు. కోపం లేదు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

“అదేదో తప్పు పడిందండీ బాబుగారూ” అంది మాలక్ష్మి. అని నా వైపు చూసింది. తప్పు పడిందని నన్నొక్క మాట అనమని ఆ చూపు. నా నోరు పెగిలేలోపు మూర్తిగారు అందుకున్నారు. తప్పు పడే ప్రశ్నే లేదు, చీటీలో ఏముందో అదే వచ్చిందని చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా వివరించారు. కంప్యూటర్ తప్పు చెప్పదని వెనకనుంచి ఎవరో అన్నారు. నేను గబగబా లోపలికెళ్లి తెర ప్లగ్ పీకేశాను. మూర్తిగారు వచ్చి ఇంగ్లీషులో నన్ను కడిగేశారు. ఏం లాభం, చూడాల్సిన కళ్లు అప్పటికే చూసేశాయి.

సాయంత్రం చలపతిరావుగారు మా ఇద్దరినీ కాఫీకి పిలిచారు. చాలా సంతోషంగా ఉన్నారు. “మంచి పని చేశారమ్మా. ఇన్నేళ్లూ ఎవడిని అడిగినా నష్టం బాబూ, నష్టం బాబూ అనేవాడే. ఇక రేపు పూత మీద ఎవరికెంత చెప్పాలో మాకు తెలుస్తుంది” అన్నారు. మీ కాయ ఏ దుకాణానికి వెళ్తుందండీ అని అడిగాను. మొట్టమొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది.

“నా కాయేంటమ్మా? తోటలన్నీ గుత్తకిచ్చేస్తాగా. ఆ మాలక్ష్మి చేసే తోట నాదే” అన్నారాయన.

ఆయన మాకు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఎన్ని ఎకరాలు, ఏం చదివారు, ఏ పేపర్ చూస్తారు అని అడిగాం, చెప్పారు. కాయ ఎవరు అమ్ముతారని మేం అడగలేదు. తోట ఉన్నవాడే కాయ అమ్ముతాడని హైదరాబాద్‌లో కూర్చుని అనుకున్నాం. సుబ్బారావుకి రేటు తెలియాలని ఇంత యంత్రం పెడితే, ఆ సుబ్బారావు ఆ యార్డులో కాయ అమ్మే మనిషే కాడు. అమ్మేవాళ్లలో ఎక్కువమంది మాలక్ష్మి లాంటి గుత్తదారులు. వాళ్లకి తమ రేటు ముందే తెలుసు, బేరం కాగానే వర్తకుడు చెవిలో చెప్తాడు. వాళ్ల గోలల్లా ఆ రేటు యజమాని చెవిన పడకూడదని. తువాలు వర్తకుడి మోసమనుకున్నాను నేను. అందులో మోసం లేదనను. కానీ గుత్తదారుకి తలదాచుకునే చోటు కూడా అదే.

మర్నాడు మరో వింత. వచ్చిన ప్రతి చీటీలోనూ పేరు వెంకటేశ్వర్లే. రెడ్డిగూడెం వెంకటేశ్వర్లు, బాపులపాడు వెంకటేశ్వర్లు, చింతలపూడి వెంకటేశ్వర్లు. తెర నిండా ఏడుకొండలవాడే. జనం పగలబడి నవ్వారు. సంఘం కార్యదర్శి దుకాణాల మీద విరుచుకుపడ్డాడు. గుమస్తాలు, ఏం చేస్తామండీ, ఇయ్యాళ ఆయనే అమ్మాడు అన్నారు. ఆ మధ్యాహ్నమే నేను మూర్తిగారికి రాతపూర్వకంగా ఇచ్చి, పేరున్న గడి తీయించి, ఒక్కో రకానికి ఎక్కువ ధర, తక్కువ ధర మాత్రమే ఉంచేలా మార్పించాను. ఆయన సంతకం పెట్టడానికి కొంచెం బెట్టు చేశారు గానీ పెట్టారు. విశ్వనాథంగారు ఆ కొత్త తెర చూసి, మాకు మళ్లీ పెద్ద రసాలు కోయించి పంపారు. అవి నాకు తిట్టు కంటే గట్టిగా తగిలాయి.

మరుసటి ఏడు సీజన్లో మెయింటెనెన్స్‌కి మళ్లీ వెళ్లాను. వెళ్లిన మొదటి రోజే రెడ్డిగూడెం బండెక్కాను. అదే తోట, అదే మాలక్ష్మి. గడకి వల కట్టిన చిక్కంతో కాయ కోస్తోంది. గుత్త ఎవరిదని అడిగితే, చింతలపూడి ఆసామి పెద్ద రేటు పాడుకున్నాడని చెప్పింది. తాను రోజు కూలికి వచ్చిందట. కిందటేడు వచ్చిన కాయ, ఆ చెట్లకి పిందె పడ్డప్పటి నుంచీ భార్యాభర్తలు బిందెలతో నీళ్లు మోసి పోస్తే వచ్చిందని అక్కడి వాళ్లు చెప్పారు. నన్ను గుర్తుపట్టి, ఎండలో వచ్చారేమిటని చెట్టు నీడకి జరిగి చోటిచ్చింది. తిడుతుందేమోననే నేను వెళ్లింది. ఇప్పుడు తెర మీద ఎవరి పేరూ రాదని మాత్రం చెప్పగలిగాను.

“వచ్చినా పర్లేదమ్మా. ఈ ఏడు అమ్ముకోటానికి నాకేం లేదుగా” అంది. మళ్లీ చిక్కం అందుకుంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో తెరలు గీశాను, గీయించాను. బ్యాంకులవి, ఆసుపత్రులవి, చివర్లో వెబ్‌సైట్లు. నా దగ్గర పనిచేసినవాళ్లు తయారుచేసిన ప్రతి కాగితం మనిషికీ పేరు, వయసు, ఆశ, భయం కింద ఇంకొక గడి ఉండేది: ‘ఈ వివరం ఎవరి కంట పడితే ఇతనికి నష్టం?’ ఆ గడి ఖాళీగా ఉన్నంతవరకూ తెర గీయడానికి నేను సంతకం పెట్టేదాన్ని కాదు.