‘తాబేలు మా ఊరోడే’ అని రాసిన మేడమ్

బుధవారం పొద్దున నార్సింగి సిగ్నల్ దగ్గర బండి ఆపుకొని ఉండగా ఫోన్ మోగింది. మా పాత స్టూడియోలో రికార్డింగ్ చూసుకునే అన్న.

"మేడమ్ పోయిన్రమ్మా. పొద్దుగాల, దవాఖానల."

"ఏ మేడమ్ అన్నా?" అన్నాను, తెలిసి కూడా.

"మన మేడమే. డైలాగుల మేడమ్."

పచ్చ లైటు పడింది, మళ్ళీ ఎర్రబడింది. వెనక కార్లు హారన్లు కొడుతూనే ఉన్నాయి. ఆఫీసుకు పోవాలో ఇంటికి పోవాలో తోచక సర్వీస్ రోడ్డు మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఈ నాలుగు మాటలు రాయడానికి ఇప్పుడూ అదే తిరుగుడు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఆమెకు చెప్పాల్సింది చెప్పకుండానే ఉండిపోయాను. ఇక మీకు చెప్పడం తప్ప దారి లేదు.

మాదాపూర్‌లో అద్దాల మేడల వెనక సందులో, మూడో అంతస్తులో ఉండేది మా యానిమేషన్ స్టూడియో. తెలంగాణ ఉద్యమం ఊపందుకుంటున్న రోజులు. ఒక పిల్లల ఛానల్ కోసం రెండు బొమ్మల సీరియళ్ళు అక్కడ తయారయ్యేవి. ఒకటి రాళ్ళగుట్ట మీద బతికే జంతువుల కథ. అందులో హీరో ఒక తాబేలు, పేరు నిదానం. రెండోది ఎక్కడో ఆకాశంలో ఒక గ్రహం మీద నడిచే బడి కథ. రెండింటికీ డైరెక్టర్ ఒకరే, బొమ్మలు వేసే జట్టు ఒకటే, మాటలు రాసేది మేడమ్ ఒక్కరే.

ఆమెది బాపట్ల వైపు. అంతకుముందు ఒక మిషన్ స్కూల్లో తెలుగు టీచరు. భర్త రైల్వే ఉద్యోగి కావడంతో హఫీజ్‌పేట్‌లో ఉండేవారు. అందరూ కంప్యూటర్ల మీద టకటకలాడిస్తుంటే ఆమె మాత్రం పిల్లల రఫ్ నోట్సులో పెన్సిల్‌తో రాసేవారు. ఎందుకని అడిగితే, "పెన్నుతో రాస్తే మనం రాసిందే రైటు అనిపిస్తుందమ్మా. పెన్సిలైతే కాస్త భయం ఉంటుంది" అనేవారు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ జంతికల పొట్లం ఉండేది. నెత్తిన ఒక పెన్సిల్ ముడిలో గుచ్చుకొని, అది కనిపించక మా అందరి బల్లల మీదా వెతికేవారు.

మీలో ఎవరైనా ఆ రెండు సీరియళ్ళూ చూసి ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. గ్రహం బడిలో ప్రతి ఎపిసోడ్‌లో హాజరు పిలుస్తారు. అందరి పేర్లూ అయ్యాక చివర టీచరు "నిదానం!" అంటుంది. పిల్లలంతా ఒకే గొంతుతో "దారిలో ఉన్నాడు టీచర్!" అంటారు. అంతే, పాఠం మొదలవుతుంది. పక్క సీరియల్‌లోని తాబేలు ఈ సీరియల్‌లోని బడికి బయల్దేరి ఇంకా చేరలేదన్నమాట. బొమ్మలవాళ్ళూ తక్కువ తినలేదు. మా సందు చివర చాయ్ హోటల్‌లో ఒక సొట్ట కెటిల్ ఉండేది. తాబేలు కథలో అందులో పిచ్చుక గూడు పెట్టింది, గ్రహం మీద అదే బడికి పొగగొట్టమైంది. ఛానల్ వాళ్ళు ముంబైలో కూర్చొని ఇవేవీ పట్టుకోలేకపోయేవారు. ఒకసారి మాత్రం ఆ నిదానం ఎవరు, బొమ్మ ఎందుకు లేదు అని అడిగారట. "ఆ కుర్రాడు రోజూ ఆబ్సెంటండి" అని జవాబు రాసి పంపారు మేడమ్.

"రెండిళ్ళ మధ్య గోడలో చిన్న కిటికీ అయినా ఉండాలమ్మా" అనేవారు నాతో. "అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు తొంగి చూసుకోవడానికి."

నాది పుప్పాలగూడ. స్టూడియోలో ఫైళ్ళు భద్రం చేసే పనిలో చేరాను. ఒకరోజు వరండాలో అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. "బువ్వ తిన్నవా అమ్మా? ఇగ వస్త గని, నువ్వు ఫికర్ జెయ్యకు" అంటూ తిరిగి చూస్తే వెనక మేడమ్, నోట్సు పట్టుకొని.

"ఆ మాట మళ్ళీ అనమ్మాయ్! అచ్చం అలాగే!"

అలా నేను గొంతు ఇచ్చేదాన్నయ్యాను. తాబేలు కథలో గుడ్లు ఎత్తుకుపోయే ఒక దొంగ ముంగిస ఉంది. దానికి నా గొంతు. నేను అమ్మతో మాట్లాడే మాటలు, అమ్మ నాతో అంటుందని నేను చెప్పిన మాటలే ఆమె దానికి రాసేవారు. రికార్డింగ్ గది గాజు అవతల అందరూ పొట్ట పట్టుకొని నవ్వేవారు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు. "ముందు జంతిక తిను, తర్వాత దొంగవవుదువు గాని" అని పొట్లం ముందుకు తోసేవారు మేడమ్.

ఒక ఆదివారం అమ్మకు మొదటిసారి చూపించాను. బిడ్డ గొంతు టీవీల వస్తదని గల్లీలో నలుగురు ఆడవాళ్ళను పిలుచుకొచ్చింది అమ్మ. ముంగిస వచ్చింది. గుడ్డు చంకన పెట్టుకొని, "ఇగ పోత గని, పైలం!" అంది. నేను గడప దాటిన ప్రతిసారీ వెనక నుంచి వినిపించే అమ్మ మాట అది. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక చేటలో బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"గా దొంగ నా లెక్క మాట్లాడుతదేందే?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడు రికార్డింగ్ గదిలోకి వెళ్ళలేదు. మేడమే నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఏమ్మా, గొంతు బాగోలేదా?"

"నేను ఇగ చెయ్య మేడమ్. మీ రెండు సీరియళ్ళల్ల కలిపి గింతమంది మాట్లాడుతరు. అందుల మా లెక్క మాట్లాడేది ఒక్క దొంగనే."

ఆమె ముఖం ఎర్రబడింది. "అదేంటమ్మా? ఆ మాటలు ముద్దుగా ఉంటాయనే కదా పెట్టాను? నేనేమైనా చెడ్డ ఉద్దేశంతో రాశానా?"

"ముద్దుగుంటే తాబేలుకు పెట్టకపోయిన్రా?"

చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. "హీరో మాట అందరికీ అర్థం కావాలి కదమ్మా" అన్నారు చివరికి, నెమ్మదిగా.

"తాబేలు మాటలు మా అమ్మకు అర్థమైతయి మేడమ్. మా అమ్మ మాటలే ఎవరికి అర్థం గావా?"

మేడమ్ వెనక్కి తిరిగారు. వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వారాలు నాకు కుదురు లేదు. ఏ రోజు ఏ రోడ్డు మూస్తారో తెలియదు, ఆఫీసు బండి వస్తుందో రాదో తెలియదు. మధ్యాహ్నం ఒకే బల్ల మీద తెరుచుకునే టిఫిన్ డబ్బాలు రెండు బల్లల మీదకు జరిగాయి. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఉప్పు అడగాలన్నా లేచి అవతలి బల్లకు పోవాలి, అందుకని చప్పగానే తినేవాళ్ళం. ముంగిస గొంతును మేడమ్ ఇంకెవరికీ ఇవ్వలేదు. దానికి మాటలే రాయడం మానేశారు. అది చప్పుడు లేకుండా గుడ్డు ఎత్తుకొని పోయేది. అది చూసినా నాకు చిరాకే. మాట్లాడనిస్తే ఒక బాధ, నోరు నొక్కితే ఇంకో బాధ. నాకేం కావాలో నాకే తెలియని రోజులవి.

ఒక బంద్ రోజున మా దగ్గర వంటావార్పూ పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు రాజేసి, వండి, అక్కడే అందరూ కూర్చొని తినే నిరసన. అమ్మ పప్పు గిన్నె దగ్గర, నేను ఉల్లిగడ్డలు కోసే దగ్గర. ఎండలో ఎవరో ఒకావిడ నడిచి వస్తోంది, చేతిలో గుడ్డ సంచితో. దగ్గరకొచ్చాక చూస్తే మేడమ్. వాళ్ళాయన స్కూటర్‌ను అవతలే ఆపేశారట. అక్కడి నుంచి నడక.

"ఏడికి పోవాలమ్మా?" ఎవరో అడ్డం వచ్చి అడిగారు.

"పుప్పాలగూడలో మా అమ్మాయి ఇంటికండి."

ఆ ‘అండి’తో నాలుగు తలలు తిరిగాయి. "ఆంధ్రా ఆమె" అని ఒక గొంతు. "గీ రోజే దొరికిందా రానీకి?" అని ఇంకొకటి. నేను కత్తి పట్టుకొని అలాగే నిలబడిపోయాను. మా మేడమే అని చెప్పి ముందుకు రాలేదు. అమ్మకు ఆమె ఎవరో తెలియదు. అయినా గరిటె పైకెత్తింది.

"ఎండల పడి వచ్చింది. తిననియ్యుండ్రి ముందు. కూసో చెల్లె."

మేడమ్ కుచ్చిళ్ళు మడుచుకొని తారు రోడ్డు మీద కూర్చున్నారు. విస్తరి వేశారు. రెండు ముద్దలు తిన్నాక అప్పుడు వచ్చాను నేను. "అమ్మా, మా మేడమ్" అన్నాను. ఆమె చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశారు.

"అక్కగారూ, ఆ దొంగ మాటలు రాసింది నేనేనండి. మీ మాటలని తెలిసే రాశాను. అది మీకు ఎలా తగులుతుందో మాత్రం ఆలోచించలేదు. తప్పయిపోయింది."

అమ్మ ఆమె విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. "నువ్వేనా? మంచిగనే రాసినవ్. మా మాట నీకు బాగనే పట్టింది. గని చెల్లె, దొంగకొచ్చిన మాట మంచోళ్ళకు రాదా? వాళ్ళకు గూడ రాయరాదు?"

"నాకు అంత సరిగ్గా రాదండి."

"రాకుంటే అడుగు. నోరున్నది గదా."

అడిగారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చొని, నెత్తిలోంచి పెన్సిల్ తీసి, నా వైపు చూడకుండా అడుగుతూనే ఉన్నారు. "పైలం అంటే జాగ్రత్తేనా అక్కగారూ?"

"జాగ్రత్త గాదు. జాగ్రత్త అంటే భయపెట్టినట్టుంటది. పైలం అంటే ఎనక నేనున్న అన్నట్టు."

చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఆమె పలికే తీరుకు నవ్వారు. ఆమె వాళ్ళతో కలిసి నవ్వారు. ఇంటికి తెచ్చిన జంతికల సంచి అక్కడే ఖాళీ అయింది.

తాబేలు ఎలా మాట్లాడాలో అప్పటికే ఖాయమైపోయింది. ఎన్నో ఎపిసోడ్లు వచ్చేశాయి, మార్చడం ఛానల్ ఒప్పుకోదు. అందుకని మేడమ్ గ్రహం బడిలోకి కొత్తగా ఒక పెద్ద టీచరమ్మను తెచ్చారు. కళ్ళద్దాలు, తెల్ల జుట్టు, చుక్కలన్నిటి లెక్కా తెలిసిన మనిషి. గొంతు నాది. మొదటి రోజు నా చేతికి కాగితం ఇచ్చి, "తప్పులుంటే దిద్దమ్మాయ్" అని పెన్సిల్ కూడా ఇచ్చారు. హాజరు పిలుపు. ‘నిదానం!’ ‘దారిలో ఉన్నాడు టీచర్!’ ఎప్పుడూ అక్కడితో ఆగేది. ఈసారి కింద ఇంకో మాట ఉంది. పెద్ద టీచరమ్మ కళ్ళద్దాలు సర్దుకొని అంటుంది:

"రానియ్యుండ్రి, తొందరేంది? జర ఆలస్యమైనా తప్పక వస్తడు. తాబేలు మా ఊరోడే."

కాగితం చూస్తూ నిలబడిపోయాను. రెండు సీరియళ్ళూ చూసే పిల్లలకు అది నవ్వులాట. నాకు మాత్రం దాని అర్థం వేరు. హీరో ఊరు ఆ ఒక్క మాటతో ఖాయం చేశారామె. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ‘మా ఊరోడే’ దగ్గర ఆపేశాను. నాలుగోసారి చెప్పాను. గాజు అవతల అన్న హెడ్‌ఫోన్ తీసి ముఖం తుడుచుకున్నాడు. నేను మేడమ్ వైపు చూసి తలూపాను. అంతే. నోరు తెరిచి ఏమీ అనలేదు.

అమ్మకు చూపించాను. "గా టీచరమ్మ నాకంటె ఎక్కువ మాట్లాడుతున్నది" అంది, మూతి తిప్పి. కానీ మళ్ళీ పెట్టమంది.

కొన్ని నెలలకే మేడమ్ గ్రహం బడికి రాయడం మానేశారు. "రెండూ చెయ్యలేకపోతున్నానమ్మా, కళ్ళు లాగుతున్నాయి" అన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు పెద్ద టీచరమ్మను బడి నుంచి పంపించేశారు. నాకు మేడమ్ మీదే కోపం వచ్చింది. మొదలుపెట్టి మధ్యలో వదిలేశారని. ఆ కోపంలో ఆమెతో మాటలు తగ్గించాను. తర్వాత రాష్ట్రం వచ్చింది, స్టూడియో మూతపడింది, తలా ఒక దిక్కు పోయాం. ఏటా క్రిస్మస్‌కు ఫోన్ చేసేదాన్ని. "గొంతు ఎలా ఉందమ్మాయ్?" అని అడిగేవారు, మొదట అదే. కిందటి క్రిస్మస్‌కు ఏదో పనిలో పడి చెయ్యలేదు.

గురువారం సమాధుల తోటకు తనూ వస్తానని అమ్మ పట్టుబట్టింది. మోకాళ్ళ నొప్పులతో ఆటో ఎక్కింది. గేటు దగ్గర రికార్డింగ్ అన్న ఉన్నాడు.

"నీకు తెల్సా? గా పెద్ద టీచరమ్మ మాట తీరు మార్చుమని ఛానలోళ్ళు చెప్పిన్రు. మార్చకుంటే రాసుడు వేరేటోళ్ళకిస్తం అన్నరు. ‘ఇచ్చుకోండి’ అన్నరు మేడమ్. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నరు."

"ఎందుకు?"

"నీ వల్లనే పోయిందని నువ్వు పరేషాన్ అయితవని."

ప్రార్థన జరుగుతుంటే నిలబడలేకపోయాను. గోడ పక్కన అటు చివరి దాకా పోయి మళ్ళీ వచ్చాను. పాట మొదలైతే మళ్ళీ పోయాను. మేడమ్ ఉన్న పెట్టె దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అనొచ్చు, ఎవరూ కాదనరు. అనలేదు. తిరిగి వచ్చేసరికి గోతిలోకి దింపేశారు.

మేడమ్ వాళ్ళాయన అమ్మ ముందుకు వచ్చి చేతులు జోడించారు. "పుప్పాలగూడ అక్కగారు మీరేనాండి? తను చెబుతూ ఉండేది."

"ఏమన్న తిన్నవా తమ్మీ?"

"లేదండి."

"తినాలె" అని ఆయన చెయ్యి పట్టుకొని అక్కడి బల్ల మీద కూర్చోబెట్టింది అమ్మ. తర్వాత వంగి పిడికెడు మట్టి తీసుకుంది. అంచున నిలబడింది. వెనక మట్టి వేసేవాళ్ళ వరుస ఆగింది. చాలాసేపటికి పిడికిలి విప్పింది.

తిరుగు దారిలో ఆటో కొత్తగూడ దాటి గచ్చిబౌలి వైపు తిరిగింది. అమ్మ కుడి చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకొని కూర్చుంది. అరచేతి గీతల్లో ఎర్రమట్టి ఆరిపోయి ఉంది. నీళ్ళ సీసా మూత తీసి ఇవ్వబోయాను.

"ఉండనియ్" అంది.

రెండు పక్కలా అద్దాల మేడలు వెనక్కి పోతున్నాయి. వాటి మీద పడిన ఎండ విరిగి, ఆటోలోకి వచ్చి, ఆ చేతి మీద పడుతూ పోతూ ఉంది. గుంతలు వచ్చినప్పుడల్లా అమ్మ ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుంది. కుడి చెయ్యి మాత్రం మూయలేదు, ఇల్లు వచ్చేదాకా.