పసుపు రాసిన గడప

ఆ అత్తాకోడళ్ల పేర్లు నేను అడగలేదు. సూర్యాపేటలో కోదాడ బస్సెక్కి వాళ్ల పక్కన కూర్చోబోతుంటే కోడలు ఆపింది.

"జర కాలు పెట్టకు అక్కా. అది గడప."

సీటు కింద పసుపు రాసిన వేపచెక్క ఉంది. కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.

"ఇల్లు కడుతున్నారా?"

"పునాది అయింది. ఇన్నేండ్లు సూర్యాపేటల కిరాయికే ఉన్నం. సర్కారు ఇల్లు కావాలంటే సొంత జాగ సూపియ్యమన్నరు. టౌన్ల మాకు జాగ యాడ దొరుకుతది? మునగాలల మా అన్న జరంత ఇచ్చిండు."

"ఇంకా గోడలు లేవలేదుగా, అప్పుడే గడప తెచ్చారే?"

"మా ఆయన దవాఖానల సచ్చిపోతే, కిరాయింట్లకు శవాన్ని రానియ్యలే. రోడ్డు మీదనే పండబెట్టినం." ఆమె వంగి గడపను చేత్తో ఇంకాస్త లోపలికి జరిపింది. "మా అత్తనన్న సొంత గడప దాటిచ్చి సాగనంపుత."

కిటికీ పక్కనున్న అత్త బయటికే చూస్తోంది.

మునగాలలో గడప రెండో కొస నేను పట్టుకుని కిందికి దించాను. నా అరచేతులకు పసుపంటింది. ముసలామె కర్ర ఆనించి మెల్లగా దిగి కోడలితో అంది:

"నువ్వు గోడలు లేపు బిడ్డా. ఇల్లయ్యేదాక నేను యాడికి పోను."